ఐదువందల మూడో గదిలో మంచం

సురేంద్ర నోట్లో చాయ్ ఉన్నంతసేపే అబద్ధం ఉండదని మదీనాగూడలో ఒక మాట ఉంది. మింగాడంటే ఇక ఆపేవాళ్ళు లేరు. ఆ ఆదివారం సాయంత్రం సక్కుబాయి చాయ్ డబ్బా ముందు అతను ఖాళీ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకోగానే, పక్కన నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు బైకులు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకు వెళ్ళే వీలు లేదు. సక్కుబాయికి అది సొంత డబ్బా. బాలనర్సయ్యకు ఎదురుగా కనిపిస్తున్న ఐదంతస్తుల బిల్డింగు సొంతం, అందులో పై అంతస్తులో ఐదువందల మూడో గది ఒక్కటి ఇంకా కిరాయికి పోలేదు. దినేష్‌కు, అతని భార్య కృష్ణప్రియకు ఆ గది కావాలి.

వాళ్ళకది ఎంత కావాలో చెప్పాలంటే, పెళ్ళై ఏడాది కావస్తున్నా ఆ ఇద్దరూ ఒక కప్పు కింద కాపురం పెట్టలేదు. ఆమె నిజాంపేటలో ఆడపిల్లల హాస్టల్లో నలుగురిలో ఒకతి. అతను చందానగర్‌లో మగపిల్లల హాస్టల్లో ముగ్గురిలో ఒకడు. ఆఫీసు దగ్గర రెండు గదుల ఇల్లు అడిగితే ఇద్దరి జీతాల్లో ఒకటి దానికే పోతుంది. అందుకని ఏడాదిగా వాళ్ళ సంసారమంతా సక్కుబాయి బెంచీ మీదే నడుస్తోంది. అలకలు అక్కడే, రాజీలు అక్కడే, పండగ బట్టలు చూపించుకోవడం కూడా అక్కడే.

బాలనర్సయ్య గదిని స్టూడియో అంటాడు. అంటే ఒకటే గది, అందులోనే వంట, అందులోనే పడక, మూలన బాత్రూం. "రెండొందల నలభై అడుగులు. ఇయ్యాల పొద్దుగూకే లోపు చెప్పుర్రి. రేపు ఇంకోలు వస్తమన్నరు" అన్నాడు. దినేష్ అప్పుడే సరేనని ఉండేవాడు. కృష్ణప్రియ ఒప్పుకోలేదు. మంచం, బీరువా, పొయ్యి, ఇద్దరూ ఇంటి నుంచి పని చేసుకోవడానికి బల్ల, ఇవన్నీ పట్టే గదైతేనే కాపురం, లేకపోతే ఇంకో ఏడాది బెంచీయే నయం అంది. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఇంట్లో కూడా అదే పని చేస్తుందా లేదా అన్నది చూడటానికి దినేష్‌కు ఇంకా ఇల్లే దొరకలేదు.

అందుకే బాలనర్సయ్య సురేంద్రను పిలిపించాడు. ప్రొద్దుటూరు మనిషి. మొదట ప్లాట్లు అమ్మాడు, తర్వాత సోఫాలు అమ్మాడు, ఇప్పుడు చిన్న గదుల్లో ఏ సామాను ఎక్కడ పెట్టాలో చెబుతాడు. వీళ్ళు ఊ అంటే ఆ గదిలో చెక్కపనంతా అతనికే.

"చిన్న గదంటే భయపడగాకమ్మా," అని మొదలుపెట్టాడు సురేంద్ర. "మొన్న ఆ మధ్య కొండాపూర్లో మధుసూదనని ఒకబ్బాయి, ఇదే కొలత గది తీసుకోని నెత్తిన చేయి పెట్టుకోని కూచున్నాడు. మంచమేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే ఫ్రిజ్జు తెరుచుకోదు, ఫ్రిజ్జు తెరవాలంటే వాడు వరండాలో నిలబడాల. నేను పోయినా. గడప మీద నిలబడి ఒక్క చూపు చూసినా, అంతే. మంచాన్ని గోడకు మడిచినా, దాని అడుగునే బల్ల బిగించినా. పగలు బల్ల, రాత్రి మంచం. వాడు నా రెండు చేతులూ పట్టుకోని ఏడ్చినాడప్పా."

ఇంతవరకూ దినేష్‌కు నమ్మకం కుదిరింది. అలాంటి మంచం గురించి ఆఫీసులో ఎవరో చెప్పగా విన్నాడు కూడా. భార్య వైపు చూశాడు. ఆమె గ్లాసులోకి ఊదుకుంటోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? వానికి పెళ్ళైంది!" సురేంద్ర తొడ చరిచాడు. "ఆ పాపతో పాటు బీరువా వచ్చె, గ్రైండరు వచ్చె, నిలువుటద్దం వచ్చె, వీటన్నిటి వెనకాల వాళ్ళత్త ఓబులమ్మ వచ్చె. ఆయమ్మకు వాస్తు ప్రాణం. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలంటాది, దేవుడు ఈశాన్యంలో, బీరువా నైరుతిలో, తల దక్షిణానికి. సరే అంటిమి. లెక్క చూస్తే గదికి ఉండేవి నాలుగు మూలలు, అందులో ఒకటి బాత్రూం మింగేసె. అదీ ఏ మూల? ఆగ్నేయం! ఆయమ్మ మూట సర్దుకుంటావుండాది, బిడ్డను తీసకపోతానని. కాపురం కూలిపోయే గడియ. అప్పుడు నాకు మా ముసలి జేజి ఇంట్లో తిరగలి మతికొచ్చింది."

"తిరగలి ఏందన్నా నడిమిట్ల?" అంది సక్కుబాయి, గిన్నెలో అల్లం దంచి వేస్తూ.

"అక్కడే ఉండాది కిటుకంతా అక్కా. తిరగలిలో కింది రాయి కదలదు, పైరాయి తిరుగుతాది. గోడలు కింది రాయి అనుకో, నేల పైరాయి. గది నేలంతా కోసి ఒక ఇరుసు మీద కూర్చోబెట్టినా! పొద్దున వంటకు ఒక్క తోపు తోస్తే పొయ్యి పోయి ఆగ్నేయంలో నిలబడతాది. స్నానం చేసి ఇంకో తోపు, దేవుడు ఈశాన్యానికొస్తాడు. రాత్రికి ఇంకో తోపు, తలకాయలు దక్షిణానికి. ఒక సిద్ధాంతి దిక్సూచి తీసుకోని వచ్చినాడు తప్పు పడదామని. గది తిరగతావుంటే ముల్లు ఎటు పోవాలో తెలీక నిలబడిపోయింది. ఆయప్ప నాకు దండం పెట్టి, ఇంగ నేను వాస్తు చెప్పడం మానుకుంటా సురేంద్రా అనె. ఇప్పుడు హోమియోపతి చేసుకుంటా ఉండాడు."

"మరి బాత్రూమో?" అన్నాడు బాలనర్సయ్య.

"ఏం బాత్రూమన్నా?"

"అది ఆగ్నేయంల ఉన్నదంటివి గద. అది గూడ తిరుగుతదా, ఏంది?"

"అది తిరగదు. మనమే దాని ముందరికి పోయి ఆగుతాం. స్టేషన్లో రైలాగినట్టు. లోపలుండే వాడు బయటికొచ్చే సరికి కొన్నిసార్లు వంటిల్లు ఉంటాది, కొన్నిసార్లు దేవుడుంటాడు. అలవాటైతే ఏం లేదు."

దినేష్ నవ్వాపుకున్నాడు. నవ్వితే సురేంద్ర అలుగుతాడేమో, అలిగితే గది సంగతి ఆగిపోతుందేమో అని అతని భయం. కృష్ణప్రియ నవ్వలేదు, మాట్లాడలేదు. ఆఫీసులో ఆమె ఇలా మౌనంగా కూర్చుందంటే ఎక్కడో ఎవరి పనిలోనో పెద్ద తప్పు దొరికిందని అర్థం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? గృహప్రవేశం. ముందర ఆవు పోవాల గదా లోపలికి. ఐదో అంతస్తు. ఆవును, దూడను లిఫ్టులో ఎక్కించినాం."

"ఆవు లిఫ్టెక్కుతదా?" బాలనర్సయ్య ఒకప్పుడు ఇదే చోట పది బర్రెలు కాసిన మనిషి. "మా బర్రె ఆటో ట్రాలీ ఎక్కాల్నంటేనే నలుగురం తొయ్యాలె."

"ఐదో నెంబరు నొక్కింది అదే అన్నా, ముట్టెతో! సరే, పోయింది. గడప దాటింది. ఇంగ రాదు. అయ్యవారు పిలుస్తాడు, ఓబులమ్మ పిలుస్తాది, పచ్చగడ్డి చూపిస్తిమి, రాదు. ఎందుకు రాలేదో తెలుసునా? దారి తప్పింది!"

"గదిలోనాండీ?" అన్నాడు దినేష్, తనకు తెలియకుండానే.

"గదిలోనే తమ్ముడూ! నేను చోటు అంత విశాలంగా సర్దినా. మంచం అవతలికి పోయింది, బల్ల దాటింది, బీరువా చాటుకు పోయింది, ఇంగ ఆ పక్కన ఏమైందో ఎవరికీ తెలీదు. మెడలో గంట వినపడతాది, ఆవు కనపడదు. మనుషుల్ని పంపినాం, టార్చిలైట్లిచ్చి. దొరికింది, దొరికింది. దొరికేసరికి ఆ దూడ ఎదిగి ఇంకో దూడను ఈనింది!"

సక్కుబాయి గరిటె పక్కన పెట్టేసింది. "గయితే పాలు నాకు పోయరాదే అన్నా, ఈడ ప్యాకెట్ల మీద పడి బతుకుతున్న."

"పోయిస్తా అక్కా. భోజనాల సంగతి వినవే ముందు. మూడొందల మంది వచ్చినారు, జమ్మలమడుగు నుంచి రెండు బస్సులు. ఒక్క బంతికే కూర్చోబెట్టినా అందరినీ. వడ్డన ఎట్లా అంటే, వడ్డించేవాళ్ళు కదల్లే. పప్పు బకెట్టు పట్టుకోని ఒకడు కిటికీ కాడ నిలబడినాడు, రసం పట్టుకోని ఒకడు బీరువా కాడ. నేలను తోస్తావుంటిమి, విస్తళ్ళే వాళ్ళ ముందరికి వస్తావుండె! జరుగు బాబూ జరుగు, పెరుగు దాటిపోతావుండాది, చేయి చాపు అని అరుపులు. ఒక పెద్దాయన మాటల్లో పడి పెరుగు చుట్టు మిస్సయినాడు, మళ్ళీ లడ్డు, పులిహోర అన్నీ తిని రావాల్సి వచ్చె పెరుగు కోసం."

దారిన పోయే ఇద్దరు ముగ్గురు ఆగారు. జనం చేరడం చూసి సురేంద్ర లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే కథ కాదిక అది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పక్క బిల్డింగులో ఒక కంపెనీ. ఏసీలు చెడిపోయినాయి. మేనేజరు ఉరుక్కుంటా వచ్చినాడు, సురేంద్రగారూ, మా పిల్లోళ్ళను రెండ్రోజులు మీ గదిలో కూర్చోబెట్టుకోండి అని. ఎంతమంది అంటి. ఎనిమిది వందలు అనె. తీసకరా అంటి. ఇంగ చూడు, ఒక పక్క టేబుళ్ళు, ఒక పక్క క్యాంటీను, క్యాబులు లోపలికే వచ్చి దింపిపోతావుండె. ఈ గోడ నుంచి ఆ గోడకు పోవాలంటే షటిల్ బస్సు పెట్టినాం. ఆ మంచం మీదనే మధుసూదనూ వాళ్ళావిడా పడుకోని ఉండారు, వాళ్ళకు వీళ్ళు చీమల్లాగా యాడనో కనపడతావుండారంట."

"ట్రాఫిక్ ఏం ఉండేది కాదాండీ?" అన్నాడు దినేష్.

సురేంద్ర నిజాయితీగా ఆలోచించాడు. "అబద్ధం చెప్పగూడదు తమ్ముడూ. సాయంత్రం ఆరింటికి కొంచెం ఉంటాండె. బాత్రూం కాడ యూటర్న్ దగ్గర."

జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వు చాలు అతనికి, రెక్కలు వచ్చినట్టే.

"రెండ్రోజులన్నోళ్ళు మూడు నెల్లుండిరి. పోయినాక చూస్తే ఇంకా చోటు మిగిలింది! ఉత్తగా పెట్టుకుంటే ఎవరైనా కబ్జా చేస్తారని భయమాయె. ఏం చేసినా? వెంచర్ వేసినా! ముందర ఆర్చి కట్టించి, నలభై అడుగుల రోడ్లు తీసి, రెండు పక్కలా కొబ్బరి మొక్కలు నాటించి, పిల్లోళ్ళకు పార్కు వదిలి, రాళ్ళు పాతినా. మంచం ఫేసింగ్ ప్లాట్లు మొదటి రోజు మధ్యాన్నానికే అయిపాయె. ఫ్రిజ్జు పక్కన కార్నర్ బిట్లకు కొట్టుకున్యారు జనం, చల్లగా ఉంటాదని!"

"నాకొక్కటి ఇప్పియ్యి అన్నా, డబ్బా ఏసుకుంట," అంది సక్కుబాయి.

"గ్రైండరు వెనకాల ఒక చిన్న బిట్టుండాది అక్కా. రోడ్డుకు కొంచెం లోపలికి. చూస్తా, నీ కోసం మాట్లాడతా."

బాలనర్సయ్యకు ఇదే అదను అనిపించింది. కండువాతో ముఖం తుడుచుకుని కృష్ణప్రియ వైపు తిరిగాడు. "ఇగ చెప్పు బిడ్డా. ఊరినే పట్టించినోనికి మీ ఇద్దరు ఒక లెక్కనా?"

కృష్ణప్రియ గ్లాసు కింద పెట్టింది.

"సురేంద్రన్నా, ఊరు సంగతి తర్వాత. మా గదిల మంచం ఎక్కడొస్తది?"

"గీసి చూపిస్తా రామ్మా! అక్కా, నీ ముగ్గు డబ్బా ఇటియ్యి."

ఇల్లు కట్టేముందు నేల మీద ముగ్గు పోసి గోడలు గుర్తుపెట్టడం ఊళ్ళలో ఉన్నదే. చాయ్ డబ్బా పక్కన బైకులు నిలిపే ఖాళీ జాగాలో సురేంద్ర ఆ పనికి దిగాడు. బూటు ముందు బూటు పెట్టి అడుగులు కొలిచాడు, వెడల్పు పన్నెండు, పొడవు ఇరవై. నాలుగు గోడలు తెల్లగా తేలాయి. తూర్పున తలుపుకు సందు వదిలి, దాని పక్క ఈశాన్యం మూలన బాత్రూం గీశాడు. ఆగ్నేయంలో పొయ్యి గీశాడు, ఉత్తరం గోడకు ఇద్దరు కూర్చునే బల్ల, దాని పక్క బీరువా. ఆ చివర, పడమటి గోడకు ఆనించి, విశాలంగా మంచం గీశాడు. గీసి ఊరుకోలేదు. దాని మీద రెండు దిండ్లు కూడా గీశాడు.

దినేష్ ఆ రెండు దిండ్ల వైపే చూస్తూ ఉండిపోయాడు. హాస్టల్లో తన దిండు మీద తన పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది, ఇంకెవరూ ఎత్తుకుపోకుండా. పక్కపక్కన రెండు దిండ్లు, ఏ పేరూ లేకుండా, అతనికి మొదటిసారి కనిపించాయి.

"ఇంకా మిగిలింది చూడు," అన్నాడు సురేంద్ర, చేతులు దులుపుకుని జనం వైపు తిరిగి. "మంచం పక్కన ఉయ్యాల పడతాది, ఎప్పటికైనా." జనంలో ఎవరో ఈల వేశారు. బాలనర్సయ్య మీసం నిమురుకున్నాడు. దినేష్ సరే అనడానికి నోరు తెరిచాడు.

"అన్నా, మీరు పైకి పోయి గది చూసిన్రా?" అంది కృష్ణప్రియ.

"చూడాల్నా? అన్న చెప్పలేదా, రెండొందల నలభై అని. పన్నెండిరవైల రెండొందల నలభై."

"నేను చూసిన. పొద్దుగాల బాలనర్సయ్య కాకను తాళం అడిగి, టేపు తీస్కపోయి గోడ నుంచి గోడకు కొలిచిన." దినేష్ వైపు తిరిగి, "నువ్వు ఇంక లేవలేదు అప్పటికి," అంది. డబ్బాలోంచి గుప్పెడు ముగ్గు తీసుకుంది. తలుపు సందు దగ్గర నుంచి కొలుచుకుంటూ నడిచి, ఒకచోట ఆగి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా ఒక గీత గీసింది.

"ఇది గోడ. లోపల పదమూడడుగులే. మిగిలినయి మెట్లల్ల, వరండాల, లిఫ్టుల మన వంతుకొచ్చే అడుగులు. అన్నీ కలిపి చెప్తే రెండొందల నలభై." వంగి, గీతకు అవతల పడ్డ రెండు దిండ్లను చూపించింది. "ఈ గోడ అవతల ఉన్నది లిఫ్టు. అన్నా, మీరు మమ్మల్ని లిఫ్టుల పండుకోబెట్టిన్రు."

సక్కుబాయి నడుం పట్టుకుని బెంచీ మీద కూలబడింది. "ఓ దినేష్ బాబూ! నువ్వు ఐదో అంతస్తుల పండుకుంటవు, కింద ఎవలో బటన్ నొక్కుతరు, గ్రౌండ్ ఫ్లోర్ల తెల్లారుతది నీకు!"

"అది కాదక్కా, లిఫ్టులో మంచమంటే, పోయినేడు నిజంగానే ఒక..." అంటూ ఎత్తుకున్నాడు సురేంద్ర. నవ్వుల్లో ఆ కథ పుట్టకుండానే పోయింది. ఊరూ, ఆవూ, ఎనిమిది వందల మందీ పట్టిన గది అతనిది. ఒక్క గీత అడ్డం పడేసరికి అందులో ఒక మంచం పట్టలేదు.

దినేష్ నవ్వలేకపోయాడు. గీతకు ఇవతల మిగిలిన చోటు చూస్తున్నాడు. పొయ్యి, బల్ల, బీరువా అప్పుడే దాన్ని నింపేశాయి. ఇంకో ఏడాది బెంచీయే అనుకున్నాడు.

కృష్ణప్రియ మాత్రం బాలనర్సయ్య ముందుకు వెళ్ళి నిలబడింది. "కాకా, కిరాయి రెండొందల నలభైకే అడుగుతున్నరు గద?"

"మేస్త్రి చెప్పిన లెక్కనే నేను చెప్పిన బిడ్డా. నాకేం ఎరుక?"

"తప్పు పడ్తలేను కాకా. మా వంతు లిఫ్టు మేం తెంపుకపోలేం, మెట్లు మోసుకపోలేం. వరండా ఉన్నది. మా తలుపు ఆఖరుది, దాని అవతల ఇంకో తలుపు లేదు, మెట్లు ఆ దిక్కున్నయి, ఎవలకు అడ్డం రాదు. ఆ వరండా తుంట మాకియ్యిర్రి. గ్రిల్లు పెట్టుకుంటం. వాషింగ్ మిషిను, సిలిండరు, చెప్పుల స్టాండు, బీరువా బయటికి పోతయి. ఇస్తనంటే గది ఇప్పుడే మాది."

బాలనర్సయ్య చుట్టూ చూశాడు. జనమంతా ఎవరి పక్షమో ముఖాల్లోనే ఉంది. పెద్దగా నవ్వేశాడు. "తీస్కోర్రి! గ్రిల్లు నేనే పెట్టిస్త. నువ్వు మా ఇంటి లెక్కలు గూడ జర చూడాలె బిడ్డా."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో బీరువాను చెరిపింది, బల్లను సగం చేసింది, దక్షిణం గోడకు కిటికీ కింద మంచం గీసింది. సురేంద్ర గీసిన దానికంటే చిన్నది. నడవడానికి ఒక మనిషి దారి మిగిలింది. దిండ్లు గీయలేదు, దినేష్ చేతికి ముగ్గిచ్చింది. అతను గీశాడు, రెండూ వంకరగానే వచ్చాయి.

ఇద్దరూ లోపల నిలబడ్డారు. నడిరోడ్డు పక్కన, ఇంతమంది చూస్తుండగా, దినేష్‌కు ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడాలనిపించింది. "ఫ్యాను ఇక్కడొస్తుందా?" అన్నాడు. "ఇక్కడ," అంది ఆమె, నెత్తి మీద ఆకాశం వైపు చూపిస్తూ.

సురేంద్ర నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు దూరం నుంచే చూశాడు. మడత బల్ల బిగించడానికి గోడ ఏదో చూడాలని కాబోలు, ఆమె గీసిన మంచం వైపు నుంచి గీత దాటడానికి కాలెత్తాడు.

"అన్నా, ఆగుర్రి," అంది కృష్ణప్రియ. "అక్కడ గోడ ఉన్నది."

ఎత్తిన కాలు అలాగే గాలిలో ఆగింది. సురేంద్ర దాన్ని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు. ఆ చివర నుంచి గోడ పక్కగా చుట్టూ నడిచి తూర్పు వైపుకు వచ్చాడు, బూట్లు విప్పి పక్కన పెట్టాడు, తలుపుకని వదిలిన సందులోంచి, కొంచెం తల వంచి, లోపలికి వచ్చాడు.